డేంజర్, వార్నింగ్, కాషన్, బివేర్: హెచ్చరించే ఇంగ్లీషు మాటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యంత్రాల వెంట వచ్చే పుస్తకాలనూ, మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలనూ ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడం నా పని. ఇందులో నన్ను ఎక్కువసేపు ఆలోచనలో పడేసేవి పొడుగాటి సాంకేతిక పదాలు కావు. వాక్యానికి ముందు పెద్దక్షరాల్లో ఒంటరిగా నిలబడే చిన్న మాటలు. మనకు అవన్నీ 'జాగ్రత్త' లాగే వినిపిస్తాయి. తెలుగులో ఆ ఒక్క మాటే గొంతు మార్చుకొని అన్ని పనులూ చక్కబెడుతుంది. వేడిగిన్నె దించుతున్నవాళ్ళకీ, ప్రయాణమై వెళ్తున్నవాళ్ళకీ, హద్దు మీరి మాట్లాడినవాళ్ళకీ 'జాగ్రత్త' అనే అంటాం. ఇంగ్లీషులో ఆ గొంతు చేసే పనిని పదం చేస్తుంది. విద్యార్థులూ, తోటి అనువాదకులూ, కొత్తగా యంత్రాల దగ్గర పనికి చేరినవాళ్ళూ ఇన్నేళ్ళలో నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలు ఇవి.

డేంజర్ అని రాసినా, వార్నింగ్ అని రాసినా, కాషన్ అని రాసినా జాగ్రత్తగా ఉండమనే కదా?

జాగ్రత్తగా ఉండమనే. కానీ ఉండకపోతే ఏమవుతుందో కూడా ఆ మాటలోనే చెప్పేశారు. వస్తువుల మీదా యంత్రాల మీదా అంటించే భద్రతా గుర్తులకు అమెరికాలో ఆన్సీ జెడ్535 అనే ప్రమాణాల వరుస ఉంది. దాని ప్రకారం 'డేంజర్' అంటే, చెప్పినట్టు చెయ్యకపోతే ప్రాణం పోవడమో తీవ్రగాయమో జరిగి తీరుతుంది. 'వార్నింగ్' అంటే ప్రాణం పోవచ్చు, తీవ్రగాయం కావచ్చు. 'కాషన్' అంటే చిన్న గాయమో ఓ మోస్తరు గాయమో కావచ్చు. నాలుగోది 'నోటీస్'. అక్కడ మనిషికి దెబ్బ తగలడం గురించిన మాట లేదు, వస్తువు పాడవడం లాంటి సంగతులే. రంగులు కూడా వేరు: డేంజర్‌కు ఎరుపు, వార్నింగ్‌కు నారింజ, కాషన్‌కు పసుపు, నోటీస్‌కు నీలం.

ఇక్కడ ఒక సంగతి మీద కాసేపు ఆగాలి. డేంజర్‌కూ వార్నింగ్‌కూ గాయం తీవ్రతలో తేడా లేదు. రెండింటిలోనూ ప్రాణం మీదికే వస్తుంది. తేడా అంతా 'తీరుతుంది', 'వచ్చు' అన్న రెండు క్రియల మధ్యే ఉంది. వార్నింగ్‌కూ కాషన్‌కూ మధ్య మాత్రం గాయం ఎంతటిదన్నదే తేడా.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక యంత్రం పుస్తకంలో నాలుగింటికీ 'హెచ్చరిక' అనే రాశాను. అచ్చుకు పోకముందు ఆ పుస్తకం చదివిన ఎలక్ట్రీషియన్ ఒకాయన అడిగాడు: "ఇన్ని హెచ్చరికలున్నాయి, వీటిలో దేనికి కరెంటు తీసేసి పని చెయ్యాలి, దేనికి చేతి తొడుగు వేసుకుంటే చాలు?" ఇంగ్లీషు పుస్తకం చదివినవాడికి ఆ అనుమానం రాదు. నా తెలుగే దాన్ని తెచ్చిపెట్టింది. అప్పటినుంచి డేంజర్‌కు 'ప్రమాదం', వార్నింగ్‌కు 'హెచ్చరిక', కాషన్‌కు 'జాగ్రత్త', నోటీస్‌కు 'గమనిక' అని నాలుగు మాటలూ విడివిడిగా వాడుతున్నాను. ఏ మాట వాడారన్నదానికంటే, పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకదాని చోట ఇంకొకటి రాకుండా చూసుకోవడం ముఖ్యం.

ఈ లెక్క అన్నిచోట్లా ఒకటేనా?

కాదు. రసాయనాల సీసాల మీద వేరే లెక్క ఉంది. ఐక్యరాజ్యసమితి రూపొందించిన జీహెచ్‌ఎస్ పద్ధతి మొదటిసారి 2003లో వెలువడింది. అందులో సంకేత పదాలు రెండే: ఎక్కువ తీవ్రతకు 'డేంజర్', తక్కువ తీవ్రతకు 'వార్నింగ్'. కాషన్ అన్నది లేనే లేదు. అంటే యంత్రం మీద నడిమి మెట్టుగా ఉన్న వార్నింగ్, సీసా మీదికి వచ్చేసరికి కింది మెట్టు అయింది.

విమానాల సంగతి మరోలా ఉంటుంది. పైలట్ ముందు ఎర్రగా వెలిగే 'వార్నింగ్'కు అర్థం వెంటనే చెయ్యాల్సింది చెయ్యమని. పసుపుదీపం 'కాషన్' వెలిగితే వెంటనే గమనించాలి, చెయ్యాల్సింది ఆ తర్వాత. విమానాల మరమ్మతు పుస్తకాల్లో, సైన్యం వాడే పుస్తకాల్లో మామూలుగా మనిషికి హాని ఉంటే వార్నింగ్, పరికరానికి హాని ఉంటే కాషన్. అందుకే ఏ పుస్తకం చేతికొచ్చినా ఈ మాటలకు అది మొదట్లో ఇచ్చుకున్న నిర్వచనం చదివాకే ముందుకు పోవాలి. ఆ పేజీని అందరూ తిప్పేస్తారు.

ఒక్క పదం మారితే నిజంగా అంత తేడా వస్తుందా?

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ సిగరెట్ పెట్టె. అమెరికాలో 1965లో చేసిన చట్టం ప్రకారం 1966 నుంచి పెట్టెల మీద ఇలా అచ్చువేశారు: 'కాషన్: సిగరెట్ స్మోకింగ్ మే బీ హజార్డస్ టు యువర్ హెల్త్'. పొగతాగడం మీ ఆరోగ్యానికి హానికరం కావచ్చు, జాగ్రత్త అని. తర్వాతి చట్టంతో 1970లో ఆ వాక్యం మారింది. 'వార్నింగ్: ది సర్జన్ జనరల్ హ్యాజ్ డిటర్మిన్డ్ దట్ సిగరెట్ స్మోకింగ్ ఈజ్ డేంజరస్ టు యువర్ హెల్త్'. హెచ్చరిక, పొగతాగడం మీ ఆరోగ్యానికి ప్రమాదకరమని ప్రభుత్వ వైద్యాధికారి తేల్చారు అని.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కాషన్ పోయి వార్నింగ్ వచ్చింది. 'కావచ్చు' పోయి 'అవును' వచ్చింది. హజార్డస్ పోయి డేంజరస్ వచ్చింది. చెప్పేది ఎవరో మొదటి వాక్యంలో లేదు, రెండో వాక్యంలో ప్రభుత్వ వైద్యాధికారి నిలబడ్డాడు. సిగరెట్ అదే. మార్చిన మాటలు మాత్రం మూడు నాలుగు. ఆ మాటల కోసమే చట్టాన్ని తిరగరాయాల్సి వచ్చింది. వీటిని తెలుగు చేసేటప్పుడు రెంటికీ 'పొగతాగడం ఆరోగ్యానికి హానికరం' అని రాసేస్తే ఆ నాలుగైదేళ్ళ మార్పు మొత్తం మాయమైపోతుంది.

వార్నింగ్ ఇచ్చాడంటే బెదిరించినట్టే కదా?

తెలుగులో అవును, ఇంగ్లీషులో కాదు. 'వాడికి వార్నింగ్ ఇచ్చి వచ్చాను' అని మనం అంటే కళ్ళెర్రజేసి వచ్చామనే అర్థం. ఇంగ్లీషు మాట మన నాలుక మీదికొచ్చి కోపం పెంచుకుంది. ఇంగ్లీషులో మాత్రం వార్నింగ్ ఎక్కువగా మేలుకోరి చెప్పేది. బెదిరింపుకు 'థ్రెట్' అని వేరే మాట ఉంది.

తేడా పట్టుకోవాలంటే హాని ఎవరి చేతిలో ఉందో చూడాలి. 'మెట్లు తడిగా ఉన్నాయి, పడతావు' అంటే వార్నింగ్. హాని మెట్ల నుంచి వస్తుంది, చెప్పినవాడు నీ పక్షాన ఉన్నాడు. 'ఇంకో మాటన్నావంటే పళ్ళు రాలగొడతా' అంటే థ్రెట్. హాని చెప్పినవాడి చేతిలోనే ఉంది. రెండింటికీ నడుమ ఉండేది పైవాళ్ళు ఇచ్చే 'ఫైనల్ వార్నింగ్'. అక్కడ శిక్షించేది వాళ్ళే అయినా, ముందే తెలిపి దిద్దుకొనే అవకాశం ఇస్తున్నారు కనుక ఇంగ్లీషు దాన్ని వార్నింగ్ అనే అంటుంది. కాబట్టి ఇంగ్లీషు ఉత్తరంలో 'ఐ మస్ట్ వార్న్ యూ' అని కనిపించగానే ఉలిక్కిపడకండి. ఆ మనిషి మీ మంచి కోరే రాసి ఉండవచ్చు.

మన 'హెచ్చరిక' కూడా పుట్టుకతో బెదిరింపు మాట కాదు. కన్నడంలో 'ఎచ్చర' అంటే మెలకువ. రాజు కొలువుకు వస్తుంటే ముందు నడిచేవాళ్ళు వేసే కేక కూడా హెచ్చరికే. అందరూ ఇటు ధ్యాస పెట్టండి అని దాని అర్థం.

'వార్న్' తర్వాత ఏ మాట రావాలి?

ముందుగా, మధ్యలో 'టు' రాదు. 'హీ వార్న్డ్ టు మీ' అన్నది 'నన్ను హెచ్చరించాడు' అనడానికి బదులు 'నాకు హెచ్చరించాడు' అన్నట్టుంటుంది. 'హీ వార్న్డ్ మీ' చాలు.

ఆ తర్వాత 'ఆఫ్' వస్తే ముంచుకొస్తున్న హాని పేరు చెప్పాలి. 'అబౌట్' వస్తే దాని గురించిన సంగతులన్నీ. 'అగెనెస్ట్' వస్తే 'వద్దు' అని. 'హీ వార్న్డ్ మీ అగెనెస్ట్ గోయింగ్' అన్నా, 'హీ వార్న్డ్ మీ నాట్ టు గో' అన్నా వెళ్ళొద్దన్నాడనే. ఎక్కువమంది తడబడేది ఇక్కడే: అగెనెస్ట్ పెట్టి మళ్ళీ 'నాట్' కూడా పెడతారు. అగెనెస్ట్‌లోనే వద్దు ఉంది, రెండోది అక్కర్లేదు.

'బివేర్' అన్నా 'బీ అవేర్' అన్నా ఒకటేనా?

వినడానికి దగ్గరగా ఉంటాయి, పనిలో చాలా దూరం. 'బీ అవేర్' అంటే తెలిసి ఉండు. 'బివేర్' అంటే దానివల్ల నీకు హాని ఉంది, కాచుకో. 'బీ అవేర్ ఆఫ్ యువర్ రైట్స్' అంటే మీ హక్కులు తెలుసుకోండి అని మంచి మాట. అక్కడ పొరపాటున బివేర్ అని రాస్తే మీ హక్కులే మిమ్మల్ని కరుస్తాయన్నట్టు అవుతుంది. అవగాహన కార్యక్రమాల కాగితాల్లో ఈ పొరపాటు నేను ఒకటికి రెండుసార్లు దిద్దాను.

ఇంకో చిక్కు ఉంది. బివేర్‌కు మిగతా క్రియల్లా రూపాలు లేవు. 'బివేర్డ్', 'బివేర్స్', 'బివేరింగ్' అని ఇవాళ ఎవరూ వాడరు. ఆజ్ఞాపించేటప్పుడు, లేదా 'షుడ్ బివేర్', 'టు బివేర్' అన్నట్టు మాత్రమే వస్తుంది. ఎందుకంటే అది ఒకప్పుడు 'బీ', 'వేర్' అని రెండు మాటలు. ఆ పాత 'వేర్'కు అర్థం జాగరూకత. 'అవేర్'లోనూ, అనుమానంతో కాచుకొని ఉండడాన్ని చెప్పే 'వేరీ'లోనూ ఉన్నది అదే. నిన్న జాగ్రత్తపడ్డానని చెప్పాలంటే 'ఐ వజ్ కేర్‌ఫుల్' అనాలి, వేరే దారి లేదు.

గేటు మీద 'బివేర్ ఆఫ్ ది డాగ్' అన్న బోర్డు ఎప్పటిది?

మాట ఇంగ్లీషుదైనా ఆలోచన చాలా పాతది. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద కూరుకుపోయిన పాంపేయి నగరంలో, ఒక ఇంటి గుమ్మంలో నేల మీద చిన్న చిన్న రాళ్ళతో పేర్చిన కుక్క బొమ్మ ఉంది. దాని కింద లాటిన్‌లో 'కావే కానెమ్' అని రాసి ఉంది. కుక్క ఉంది జాగ్రత్త అని.

నాకు ఆ 'కావే' అన్న మాట ఇష్టం. కాచుకొని ఉండడం అనే అర్థమున్న 'కవేరే' అన్న లాటిన్ క్రియ దాని మూలం. ఆ క్రియ నుంచే కాషన్ వచ్చింది, ప్రికాషన్ వచ్చింది, 'కేవియట్' కూడా వచ్చింది. కేవియట్ అంటే అక్షరాలా 'అతడు జాగ్రత్తపడుగాక' అని. నా మాట వినకుండా ఉత్తర్వులివ్వొద్దని కోర్టులో ముందే వేసుకొనే కేవియట్ పిటిషన్‌కు ఆ పేరు అందుకే. మాట్లాడుతూ 'విత్ వన్ కేవియట్' అంటే 'ఒక్క మినహాయింపుతో ఒప్పుకుంటున్నా' అని.

తెలుగు బోర్డు నడక వేరు, గమనించారా? 'కుక్క ఉన్నది జాగ్రత్త.' ముందు ఉన్న సంగతి చెబుతుంది, తర్వాత జాగ్రత్తపడమంటుంది. ఇంగ్లీషు ముందే ఆజ్ఞాపించి తర్వాత కుక్క పేరెత్తుతుంది. అనువదించేటప్పుడు తెలుగు వరుసనే ఉంచండి. 'కుక్క పట్ల జాగ్రత్త వహించండి' అన్నది కష్టపడి చదవాల్సిన వాక్యం, గేటు దగ్గర అంత తీరిక ఉండదు.

కేర్‌ఫుల్‌కూ కాషస్‌కూ తేడా ఏమిటి?

కేర్‌ఫుల్ అంటే చేసే పనిలో తప్పు రాకుండా, దేనికీ దెబ్బ తగలకుండా శ్రద్ధగా చెయ్యడం. కాషస్ అంటే అసలు అడుగు వెయ్యాలా వద్దా అని ఆచితూచి చూడడం. కుట్లు వేసే డాక్టరు కేర్‌ఫుల్‌గా వేస్తారు. ఆపరేషన్ చెయ్యాలా, ఇంకో వారం ఆగాలా అన్నచోట కాషస్‌గా ఉంటారు. 'కేర్‌ఫుల్ ఆన్సర్' అంటే బాగా ఆలోచించి, తప్పుల్లేకుండా చెప్పిన జవాబు. 'కాషస్ ఆన్సర్' అంటే ఎక్కడా ఇరుక్కోకుండా చెప్పిన జవాబు. మొదటిది మెచ్చుకోలు. రెండోది సందర్భాన్ని బట్టి.

'వేరీ' ఇంకో అడుగు ముందుకు పోతుంది. కాషస్ అన్నది మనిషి స్వభావం కావచ్చు. వేరీ మాత్రం ఫలానావాడి మీదో ఫలానా వస్తువు మీదో నిలిపిన అనుమానపు చూపు. తెలుగులో 'వాడి మీద ఓ కన్నేసి ఉంచు' అంటాం కదా, అది. 'ప్రూడెంట్' ముందుచూపు. 'సర్కమ్‌స్పెక్ట్' చుట్టూ నాలుగువైపులా చూసి గానీ నోరు విప్పకపోవడం, ఆ లాటిన్ మాటకు అర్థం కూడా చుట్టూ చూడడమే.

కేర్‌ఫుల్ వెనక వచ్చే చిన్న మాటలు కూడా అడుగుతుంటారు. చేతిలో ఉన్న వస్తువుకు 'విత్': గ్లాసు, కత్తి, డబ్బు. హాని చేసే దానికి 'ఆఫ్'. విషయానికి 'అబౌట్': ఏం తింటున్నాం, ఏం మాట్లాడుతున్నాం.

ఈ 'కేర్' అన్న మాటకు పాత ఇంగ్లీషులో అర్థం దుఃఖం, దిగులు. కేర్‌ఫుల్ అంటే దిగులుతో నిండినవాడు అని ఒకప్పుడు. దిగులుపడ్డవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకొని ఉంటాడు కనుక మెల్లగా ఇప్పటి అర్థంలోకి జారింది.

అయితే కేర్‌ఫ్రీ, కేర్‌లెస్ రెండూ ఒకటి కావాలి కదా?

ఆ పాత దిగులు గుర్తుంటే తేడా తేలికగా తెలుస్తుంది. కేర్‌ఫ్రీ అంటే దిగులు లేనివాడు, చీకూచింతా లేనివాడు. కేర్‌లెస్ అంటే శ్రద్ధ లేనివాడు. ఒక పిల్లవాడిని కేర్‌ఫ్రీ అంటే ముచ్చట, కేర్‌లెస్ అంటే ఫిర్యాదు.

'రెక్‌లెస్' ఇంకా పెద్ద ఫిర్యాదు. కేర్‌లెస్ మనిషికి హాని కనబడలేదు. రెక్‌లెస్ మనిషికి కనబడింది, అయినా లెక్క చెయ్యలేదు. చట్టాలు కూడా చాలాచోట్ల ఈ రెంటినీ వేరుగా చూస్తాయి. తెలుగులో మొదటిదానికి అజాగ్రత్త, రెండోదానికి తెగింపు లేదా దుడుకుతనం సరిపోతాయి. రెంటికీ 'నిర్లక్ష్యం' అని రాసి ఊరుకోవడం నాకు నచ్చదు.

'టేక్ కేర్' అంటే ఏం జాగ్రత్త పడమని?

ప్రత్యేకంగా దేని గురించీ కాదు. మనం 'జాగ్రత్తగా వెళ్ళిరా' అన్నట్టే, వీడ్కోలు. 'ఆఫ్' చేరితే మాత్రం అర్థం మారుతుంది. 'టేక్ కేర్ ఆఫ్ హర్' అంటే ఆమెను చూసుకో. 'ఐ విల్ టేక్ కేర్ ఆఫ్ ఇట్' అంటే ఆ పని నేను చూసుకుంటాను.

ప్రికాషన్, ప్రివెన్షన్: ఏది ఎక్కడ?

ప్రికాషన్ మీరు ముందుగా చేసే పని. ప్రివెన్షన్ హాని జరగకుండా ఆగడం, అంటే ఆ పనికి వచ్చే ఫలితం. హెల్మెట్ పెట్టుకోవడం ప్రికాషన్. తలకు దెబ్బ తగలకుండా ఆగితే ప్రివెన్షన్. ప్రికాషన్‌ను లెక్కపెట్టవచ్చు కనుక 'టేక్ ప్రికాషన్స్' అని బహువచనం వస్తుంది. 'టేక్ ప్రివెన్షన్' అని రాదు.

దీనికి ప్రపంచ రాజకీయాల్లోనూ చోటుంది. 1992లో రియో డి జనీరోలో దేశాలన్నీ కలిసి చేసిన ప్రకటనలో 15వ సూత్రం ప్రికాషనరీ విధానం గురించే. పర్యావరణానికి తీవ్రమైన నష్టమో తిరిగి బాగుచేయలేని నష్టమో జరిగేలా ఉంటే, శాస్త్రం పూర్తిగా తేల్చలేదన్న సాకుతో నివారణ చర్యల్ని వాయిదా వెయ్యకూడదంటుంది.

అలర్ట్, అలారం, విజిలెంట్: వీటికి సరైన తెలుగు ఏది?

అలర్ట్, అలారం రెండూ ఇటలీ నుంచి వచ్చిన సైనికుల కేకలు. 'అల్లెర్తా' అంటే కాపలా ఎత్తుకు ఎక్కండి, 'అల్లార్మే' అంటే ఆయుధాలు పట్టండి. ఆ తేడా ఇప్పటికీ మిగిలే ఉంది. అలర్ట్ అంటే కళ్ళు తెరిచి చూస్తూ ఉండు. అలారం మోగిందంటే చూడ్డం అయిపోయింది, లే.

విజిలెంట్‌కు మూలం లాటిన్‌లో మేలుకొని ఉండడం. మన 'జాగ్రత్త'కు మూలమైన సంస్కృత ధాతువుకూ అదే అర్థం. జాగరణ, జాగృతి దాని బిడ్డలే. తెలుగు 'మెలకువ' కూడా అంతే: నిద్ర లేవడమూ మెలకువే, ఒడుపుగా ఉండడమూ మెలకువే. ఎవరూ ఎవరినీ అడగకుండానే మూడు భాషలూ జాగ్రత్తకు నిద్రపోకపోవడమనే అర్థాన్నే ఎంచుకున్నాయి.

విజిలెంట్‌కు నేను వాడేది 'అప్రమత్తం'. దానికి ఒక కారణం ఉంది. సంస్కృతంలో 'ప్రమాదం' అంటే ఆపద కాదు, ఏమరుపాటు. ఏమరుపాటు లేనివాడు అప్రమత్తుడు. తెలుగులోకి వచ్చాక ప్రమాదం అన్న మాట, ఏమరుపాటు వదిలేసి దానివల్ల జరిగే ఆపదకు పేరైంది. ఆపదకూ ఏమరుపాటుకూ ఇంత దగ్గరి చుట్టరికం ఇంగ్లీషు మాటల్లో నాకు కనబడలేదు. ఇంగ్లీషు 'డేంజర్' అయితే యజమాని అనే అర్థమున్న లాటిన్ మాట దగ్గరికి పోతుంది. ఒకరి చేతుల్లో, వాళ్ళ దయాదాక్షిణ్యాల మీద ఉండడం దాని పాత అర్థం.

ప్రమాదం జరిగింది అనడానికి 'డేంజర్ హ్యాపెన్డ్' అనవచ్చా?

అనకూడదు. తెలుగు ప్రమాదం రెండు పనులు చేస్తుంది. 'ప్రమాదం ఉంది' అంటే డేంజర్, 'ప్రమాదం జరిగింది' అంటే యాక్సిడెంట్. డేంజర్ ఉంటుంది, జరగదు.

దీని పక్కనే హజార్డ్, రిస్క్ కూడా వస్తాయి. హజార్డ్ అంటే హాని చెయ్యగల వస్తువో పరిస్థితో. రిస్క్ అంటే ఆ హాని జరిగే అవకాశం ఎంత, జరిగితే ఎంత నష్టం అన్న లెక్క. తాళం వేసిన బీరువాలో ఉన్న యాసిడ్ సీసా హజార్డే, రిస్క్ తక్కువ. అదే సీసా మూతలేకుండా మెట్ల మీద ఉంటే హజార్డ్ మారలేదు, రిస్క్ మాత్రం అమాంతం పెరిగింది. హజార్డ్ పాతకాలంలో ఒక పాచికలాట పేరు కూడా.

వాతావరణ వార్తల్లో 'వాచ్' పెద్దదా, 'వార్నింగ్' పెద్దదా?

వార్నింగ్ పెద్దది. అమెరికా జాతీయ వాతావరణ సంస్థ వాడుకలో 'టోర్నడో వాచ్' అంటే సుడిగాలి పుట్టడానికి తగ్గ పరిస్థితులున్నాయి, సిద్ధంగా ఉండండి. 'టోర్నడో వార్నింగ్' అంటే అది కంటబడింది లేదా రాడార్‌లో తెలిసింది, ఇప్పుడే తలదాచుకోండి. అక్కడ చుట్టాలున్నవాళ్ళు ఈ తేడా తెలియక వాచ్ అనగానే కంగారుపడి ఫోన్లు చేస్తారు, వార్నింగ్‌ను మామూలుగా తీసుకుంటారు. 'అడ్వైజరీ' వార్నింగ్ కంటే తక్కువ: ఇబ్బంది ఉంటుంది, చూసుకొని మసలుకోండి.

కాషన్ డిపాజిట్‌లో జాగ్రత్త ఎక్కడుంది?

అక్కడ కాషన్ తన పాత అర్థంలో ఉంది: హామీ, పూచీ. ఫ్రెంచిలో ఆ మాటకు ఇవాళ్టికీ పూచీకత్తు అనే అర్థం. స్కాట్లాండ్ న్యాయశాస్త్రంలోనూ అంతే, అక్కడ దాన్ని 'కేషన్' అని పలుకుతారు.

ఫుట్‌బాల్‌లో పసుపు కార్డు చూపడాన్ని కాషన్ అంటారు. ఆ కార్డులు ప్రపంచకప్‌లోకి 1970లో మెక్సికోలో వచ్చాయి. ఇంగ్లండులో పోలీసులు పట్టుకున్న మనిషికి 'నువ్వేమీ చెప్పనవసరం లేదు' అంటూ మొదలుపెట్టి చదివి వినిపించేదీ కాషనే. అమెరికాలో అలాంటి దానికే పేరు 'మిరాండా వార్నింగ్', 1966లో సుప్రీంకోర్టు ఇచ్చిన మిరాండా తీర్పు నుంచి. ఒకే పని, ఒక దేశంలో కాషన్, ఇంకో దేశంలో వార్నింగ్. రెండుచోట్లా అది బెదిరింపు కాదు, పట్టుబడినవాడి హక్కు.

'మైండ్ ద గ్యాప్'లో మైండ్ ఏమిటి?

బ్రిటన్ ఇంగ్లీషులో మైండ్ అంటే ధ్యాస పెట్టు. లండన్ భూగర్భ రైళ్ళలో ప్లాట్‌ఫారానికీ రైలుకూ మధ్య సందు ఉంది, చూసుకొని దిగండి అని దాని అర్థం. 'మైండ్ యువర్ హెడ్' అంటే తల తగులుతుంది, వంగు. ఇదే చోట అమెరికావాళ్ళు 'వాచ్' వాడతారు: 'వాచ్ యువర్ స్టెప్'. 'మైండ్ యువర్ లాంగ్వేజ్' మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకొని మాట్లాడమనే.

మందు కాగితంలో 'వార్నింగ్స్' చూసి మందు మానెయ్యాలా?

మీ అంతట మీరు మానొద్దు, డాక్టరును అడగండి. ఆ కాగితంలో వాడనే కూడదని చెప్పే భాగం వేరే ఉంది, దాని పేరు 'కాంట్రాఇండికేషన్స్'. ఫలానా జబ్బో ఎలర్జీయో ఉంటే ఈ మందు ముట్టుకోవద్దని అక్కడ రాస్తారు. 'వార్నింగ్స్ అండ్ ప్రికాషన్స్' అంటే వాడవచ్చు, కానీ ఈ లక్షణాలను కనిపెట్టుకొని ఉండాలి అని. 'యూజ్ విత్ కాషన్' అన్నది కూడా వద్దనడం కాదు. దీన్ని 'వాడరాదు' అని అనువదించిన కాగితం ఒకటి నా చేతికి వచ్చింది. అది చదివిన రోగి అవసరమైన మందును పక్కన పెట్టేస్తే ఎవరు జవాబుదారీ? అన్నిటికంటే గట్టి హెచ్చరికను అమెరికాలో నల్లగీత పెట్టెలో వేస్తారు. దాన్ని 'బాక్స్‌డ్ వార్నింగ్' అంటారు.

ఇన్‌ఫ్లేమబుల్ అంటే అంటుకోనిది కదా?

కాదు, ఈ పొరపాటు ప్రాణం తీస్తుంది. ఫ్లేమబుల్, ఇన్‌ఫ్లేమబుల్ రెండింటికీ అర్థం తేలికగా నిప్పంటుకునేది అనే. అక్కడి 'ఇన్' లేదనడానికి వచ్చింది కాదు, మండించడం అనే లాటిన్ క్రియలోనిది. ఇంగ్లీషువాళ్ళే దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని, అమెరికాలో అగ్నిమాపక భద్రత చూసే సంస్థలు 1920ల నుంచి ఫ్లేమబుల్ అనే రాయమని చెబుతూ వచ్చాయి. అంటుకోనిదానికి 'నాన్‌ఫ్లేమబుల్' అనాలి. తెలుగులో ఈ తిప్పలే లేవు: 'నిప్పంటుకుంటుంది' అని రాయండి.

వీటిని ఎలా పలకాలి?

'డబ్ల్యూ' తర్వాత వచ్చే 'ఏ' తరచు 'ఓ' వైపు పోతుంది, కనుక వార్నింగ్ ఇంగ్లీషువాళ్ళ నోట 'వోనింగ్'కు దగ్గరగా ఉంటుంది. బివేర్‌లో ఊనిక రెండో భాగం మీద, హజార్డ్‌లో మొదటి భాగం మీద: 'హ్యాజడ్'. 'వేరీ'నీ 'వియరీ'నీ కలపొద్దు, రెండోదానికి అర్థం అలసిన.

ఆపద ముంచుకొస్తుంటే ఇంగ్లీషులో ఏమని అరవాలి?

'బీ కేర్‌ఫుల్' మాత్రం కాదు. అది పొడుగు మాట, పైగా ఏం చెయ్యాలో చెప్పదు. అటు చూడమనడానికి 'లుక్ అవుట్' లేదా 'వాచ్ అవుట్'. పైనుంచి ఏదో వస్తుంటే 'హెడ్స్ అప్', అంటే తలెత్తి చూడు అని. అదే మాట ముందు 'ఏ' చేరి 'ఏ హెడ్స్ అప్' అయితే ముందస్తు కబురు అని అర్థం, ఆపీసు ఉత్తరాల్లో కనిపించేది అది. చూసే వ్యవధి కూడా లేకపోతే 'డక్', తల దించెయ్యి. కాలు కదపకుండా ఉండాలంటే 'ఫ్రీజ్', చేస్తున్నది ఆపాలంటే 'స్టాప్'. పసివాడి చెయ్యి పొయ్యి వైపు పోతుంటే 'హాట్' అని ఒక్క మాట చాలు. మన 'బూచి', 'అబ్బా, కాలుద్ది' లాగే అది పిల్లలకు ముందు అర్థమవుతుంది.